కడిగినా పోని పసుపు

పసుపు ఉడుకుతున్న వాసన ఆర్మూరులో ఎవరికీ కొత్త కాదు. పంట చేతికొచ్చే రోజుల్లో ఇక్కడ గాలికి కూడా రంగు అంటుతుంది. అయినా ఈ ఉదయం మిల్లులో డ్రమ్ము తిరగడం మొదలై, తొలి దుమ్ము ముక్కుకు తగలగానే నాకు తుమ్ముకు బదులు కన్నీళ్ళు వచ్చాయి. "గిది మిరపకాయ కాదు గదా సుజాతా, ఏడుస్తవెందుకు?" అనేది గంగక్క, నేను పనిలో చేరిన కొత్తలో. ఆ గొంతు ఇప్పుడు లేదు.

ఈ మిల్లు గంగక్కది. దొంకేశ్వర్ నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చింది. భర్త పోయాక, మరుదులు వద్దన్నా వినకుండా, పసుపు కొమ్ములకు మెరుగు పెట్టే ఈ డ్రమ్మును తానే నడిపింది. పదో తరగతి తప్పి, ఎందుకూ పనికిరానని ఇంట్లో ముడుచుకుని కూర్చున్న నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఒక కొమ్ము నా చేతిలో పెట్టి మంచిదో కాదో చెప్పమంది. నిగనిగలాడుతోంది కనక మంచిదన్నాను. "మెరుగు జూసి మోసపోకు. ఇరిసి సూడు," అంది. విరిస్తే లోపలంతా పుచ్చు. అప్పటి నుంచి బేరమైనా, మనిషి మాటైనా విరిచి చూడటం అలవాటైంది. అలా చూడబోతే నా పెళ్ళి సంబంధాలు రెండు విరిగాయి కూడా. అందుకు మా అమ్మ గంగక్కను తిట్టని రోజు లేదు.

మిల్లులో పనిచేసే మాకందరికీ ఒళ్ళు పచ్చగానే ఉండేది. గంగక్క పచ్చదనమే ఊరికి కంట్లో నలుసు. భర్త లేని ఆడది ముఖానికి పసుపు రాసుకోకూడదు కదా! ఒక పెళ్ళిలో ఒక ముసలమ్మ అందరి ముందూ అనేసింది: "మొగడు పోయినా మొకం మీది పసుపు పోలె." నాకు తల కొట్టేసినట్టయింది. గంగక్క తొణకలేదు.

"గిది పుస్తెతోని వచ్చిన పసుపు గాదు పెద్దవ్వా, పనితోని వచ్చింది. ఎవ్వలు పోయినా పోదు."

ఆ మాట మిల్లులో పదే పదే చెప్పుకుని మురిసిపోయాం. చివరికి ఆ మాటే మా అందరి కళ్ళూ కప్పింది.

ఆ ఏడు ఆమె చిక్కిపోతూ వచ్చింది. సగం అన్నంలోనే చేయి కడిగేసేది. ఒళ్ళంతా దురద అంటే దుమ్ము పడలేదేమో అనుకున్నాం. బతుకమ్మ పండుగకు నాకు గాజులు కొనిస్తానని బజారుకు తీసుకెళ్ళింది. గాజుల కొట్టు షాహీన్ ఆపా నా చేతికి గాజులు ఎక్కిస్తూ, పక్కనున్న గంగక్కను చూసి ఆగిపోయింది.

"గంగక్కా, వానలు పడ్డప్పటి సంది మిల్లు బందే గదా. గింకా గీ పసుపేంది?"

"పనిది ఆపా," అని నవ్వింది గంగక్క.

"కంటి లోపట సుత పనిదేనా? జర దవాఖానకు పో."

నిజామాబాద్‌లో స్కానింగ్ తీసి హైదరాబాద్ పంపారు. కాలేయంలో గడ్డ. సూదితో ముక్క తీసి పరీక్షించి మొదట ఒక రకం క్యాన్సర్ అన్నారు. మళ్ళీ చూసి, కాలేయ కణాల్లో పుట్టేదీ, పైత్యరసం పారే సన్నటి గొట్టాల్లో పుట్టేదీ రెండూ ఒకే గడ్డలో కలిసి ఉన్నాయనీ, ఇది చాలా అరుదనీ డాక్టరమ్మ చెప్పింది.

"కొమ్ములల్ల మండ కలిసినట్టా అమ్మా?" అని అడిగింది గంగక్క.

డాక్టరమ్మ నా వైపు చూసింది. గుండ్రటి తల్లి దుంప మండ అనీ, దానికి పుట్టిన పిల్లలు కొమ్ములనీ, రెండూ ఏరి వేరుచేయడమే మా పని అనీ చెప్పాను.

"అలాంటిదేనమ్మా," అంది డాక్టరమ్మ.

"మరి ఏరెయ్యరాదా? నా బతుకంత ఏరుడే గదా."

ఏరలేమని ఆమె మెల్లగా చెప్పింది. గడ్డ రక్తనాళంలోకి పాకింది కనక కోయడానికీ వీల్లేదు. ఒక రకానికి పనిచేసే మందు రెండోదానికి పనిచేస్తుందన్న నమ్మకం లేదు. ముందే వస్తే బతికేదా అని బయట నిలబడి అడిగాను. చెప్పలేమంది. ఆ మాటను ఎన్నిసార్లు విరిచి చూసినా నాకు లోపల ఏమీ దొరకలేదు.

మూసుకుపోయిన పైత్యనాళంలో గొట్టం వేశాక కొన్నాళ్ళు రంగు తగ్గింది. "నా మొకం నేనే గుర్తువడ్తలేను," అని అద్దం చూసి నవ్వింది. మేమూ నవ్వాం, ఆశపడ్డాం. తర్వాత రంగు తిరిగొచ్చింది. కడుపులో నీరు చేరింది, కాళ్ళు వాచాయి. చివరికి పసుపు వాసనే పడకుండా పోయింది. పప్పులో చిటికెడు వేసినా వాంతి చేసుకునేది. "దీన్నే నమ్ముకుంటి గదనే సుజాతా," అని ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూసింది అప్పుడే. ఎవరి మీదో తెలియదు కానీ, ఆ రోజు వచ్చిన కోపం నాకింకా తగ్గలేదు.

కొత్త పంట రాకముందే పోయింది. భర్త లేని మనిషి కనక చివరి స్నానానికి పసుపు వాడలేదు. ఒళ్ళు మాత్రం పచ్చగానే ఉంది. నేను తడిగుడ్డతో ఆమె చేతులు తుడుస్తూనే ఉన్నాను. పెళ్ళిలో ఆ మాటన్న ముసలమ్మే వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఇడువు బిడ్డా. గది పోదు."

ఇప్పుడు గంగక్క కోరినట్టే మిల్లు నేను నడుపుతున్నాను. పని మొదలుపెట్టే ముందు అందరినీ వెలుతురులో నిలబెట్టి కంటి రెప్పలు లాగి చూస్తాను. "డాక్టరమ్మ వచ్చింది," అని ఆడవాళ్ళు ఆటపట్టిస్తారు. పట్టించుకోను. ఈ ఉదయం కూడా చూశాను. అందరి కళ్ళూ తెల్లగా ఉన్నాయి. ఆ తర్వాతే డ్రమ్ము స్విచ్ వేశాను.