మేస్త్రి వెయ్యనన్న చైను

మేస్త్రి పోయాడన్న మాట నేను నందిగామ కోర్టు ఆవరణలో విన్నాను. నా పింఛను కేసు ఎప్పటిలాగే వాయిదా పడింది. వకీలు గుమాస్తా కాగితాలు సర్దుకుంటూ, "మీరు గాలి కొట్టించుకునే సైకిలు షాపాయన పోయాడండి మాస్టారూ. మొన్న మంగళవారం. గుండెనొప్పి," అన్నాడు, వాయిదా తేదీ చెప్పిన గొంతుతోనే. బయటికి వచ్చి చూశాను. రేకుల పంచ కింద ఆయన కూర్చునే చోట అప్పుడే ఎవరో మొక్కజొన్న పొత్తుల బండి పెట్టారు. ఈ ఊళ్ళలో చావు వార్త కన్నా ఖాళీ జాగా వార్త త్వరగా పాకుతుంది.

ఆయన గురించి మంచి మాటలు రాయడానికి నాకు అర్హత లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను మూడు భాషల్లో పుస్తకాలు చదివినవాణ్ణి. చదువు మనిషిని బాగుచేస్తుందని ముప్ఫై ఏళ్ళు పిల్లలకి చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి. మేస్త్రికి సంతకం వరకే వచ్చు.

తొంభైల్లో ఆయన షాపు జగ్గయ్యపేటలో మా హైస్కూలుకి ఎదురుగా ఉండేది. మాస్టర్ల సైకిళ్ళూ పిల్లల సైకిళ్ళూ కలిపి ఆయన పనిలో సగం మా బడిదే. షాపు గుంజకి ఒక మేకు ఉండేది. ఎవరైనా వచ్చి చైను మార్చమంటే ముందు పాత చైను విప్పి కిరసనాయిల్లో కడిగి ఆ మేకుకి తగిలించేవాడు. దాని పక్కనే అన్నే లింకులున్న కొత్త చైను. పాతది కిందికి ఎంత వేలాడితే అంత అరిగినట్టు. సమానంగా ఉంటే కొత్తది తీసి డబ్బాలో పడేసి, "ఇంకో ఏడాది తొక్కండి," అనేవాడు. ఎంత బతిమాలినా అమ్మేవాడు కాదు. ఒకసారి పత్తి కమీషను వ్యాపారి ఒకాయనకి కోపం వచ్చింది.

"కొంటానంటుంటే వద్దంటావేందయ్యా? నువ్వు యాపారం చేస్తున్నావా, వైద్యం చేస్తున్నావా?"

"రైతు తెచ్చిన పత్తికి తేమ లేకపోయినా తేమ ఉందంటారు గదా మీరు. నాకా ఇద్దె రాదండీ," అన్నాడు మేస్త్రి, తల ఎత్తకుండా. 

ఆ వ్యాపారి నవ్వలేదు. మేమందరం నవ్వాం.

మా హెడ్మాస్టరుకీ నాకూ పడేది కాదు. పుస్తకాలు పిల్లల చేతికిస్తే చిరుగుతాయని ఆయన వాటిని బీరువాలో పెట్టి తాళం వేశాడు. నేను తాళం తీయించి పంచిపెట్టాను. దానికి ప్రతిఫలంగా పైవాళ్ళకి రాసి నన్ను పద్నాలుగు కిలోమీటర్ల అవతల సున్నపురాయి క్వారీల వెనక ఉన్న ఊరికి పంపించాడు. బస్సు లేదు. కంకర దారి, మధ్యలో గుట్ట మీదికి పెద్ద ఎక్కుడు. అలాంటి మనిషికే తర్వాత ఉత్తమ ఉపాధ్యాయుడని శాలువా కప్పారు. ఆ బీరువాలో పుస్తకాలకి చెదలు పట్టిన సంగతి ఆ సభలో ఎవరూ చెప్పలేదు. నేనిక్కడ చెబుతున్నాను.

సిమెంటు ఫ్యాక్టరీలో పని మానేసి వెళ్ళిపోతున్న ఇంజనీరు ఒకాయన దగ్గర గేర్ల సైకిలు కొన్నాను. పళ్ళ చక్రాలు ముందు మూడు, వెనక ఆరు. కొండదారులకే చేసిన బండి. కానీ బాగా వాడిన బండి. ఎక్కుడులో గట్టిగా తొక్కితే చైను పళ్ళ మీద నుంచి టక్కున ఎగిరేది. ఆలస్యమైనందుకు అప్పటికి రెండు మెమోలు వచ్చాయి. మూడోది వస్తే సస్పెన్షనే అని ఆఫీసులో చెప్పారు. రిటైర్మెంటు ఇంకా ఆరేళ్ళు ఉంది.

మేస్త్రి ఆ బండిని తలకిందులుగా నిలబెట్టి, పెడలు నా చేత తిప్పించాడు. సొంతదారు చెయ్యి పెడితేనే బండి నిజం చెబుతుందని ఆయన నమ్మకం. చైను మేకుకి తగిలించాడు. అర అంగుళం వేలాడింది. తర్వాత వెనక చక్రం మధ్యలో చైను తిరిగే పళ్ళ ఫ్రీవీలు మీద గ్రీజు తుడిచి చూపించాడు.

"ఈ పళ్ళు చూడండి మాస్టారూ. కొడవలి పళ్ళలాగా ఒక పక్కకి వంగినయ్యి. ముందాయన ఎప్పుడూ ఈ ఒక్కదాని మీదే తొక్కాడు. చైనూ, ఈ ఫ్రీవీలూ రెండూ కలిపి మార్చండి. గేరు జోలికి పోమాకండి."

"గేరు పాతది కదా? అది సరిగ్గా పడకే ఎగురుతోందేమో?"

"గేరు చైన్ని పక్కకి జరుపుద్ది, అంతే. బలం మోసేది ఈ పళ్ళు. చైనూ ఫ్రీవీలూ మొగుడూ పెళ్ళాల్లాంటియ్యండీ, కలిసి అరుగుతయ్యి. ఒకళ్ళని కొత్తగా తెస్తే రెండోవాళ్ళు పడనియ్యరు. మెరిసేది గాదు మాస్టారూ, అరిగింది మార్చుకోవాలి."

ఈ మాట నాకు నచ్చింది, కానీ నమ్మలేదు. విజయవాడ నుంచి సైకిళ్ళ పత్రికలు తెప్పించుకుని చదివాను. వాటిలో గేర్ల గురించి పేజీలకి పేజీలు రంగుల బొమ్మలున్నాయి. ఫ్రీవీలు గురించి నాలుగు వాక్యాలున్నాయి. ఎక్కువ రాసిందే ముఖ్యమైనదని నేను అనుకున్నాను. పుస్తకాల మనిషి చేసే తప్పు అది. విజయవాడ దుకాణంలో వెండిలా మెరిసే వెనక గేరూ, దానికి మీటలూ, ఒక కొత్త చైనూ కొనుక్కుని వచ్చాను. ఫ్రీవీలు కొనలేదు.

మేస్త్రి గేరు బిగించాడు, మీటలు బిగించాడు. చైను మాత్రం చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"ఇది దాని మీద వెయ్యనండి."

"బండి నాది మేస్త్రీ."

"కాళ్ళు కూడా మీయ్యే గదండీ. అందుకే చెబుతున్నా."

"నువ్వు చదివావా, నేను చదివానా? వెయ్యి."

ఆ మాట నేనన్నదే. ఎవరి నోటా పెట్టలేను. ఆయన వేశాడు. చేతులు తుడుచుకుంటూ, "ఎక్కుడులో లేచి నిలబడి మాత్రం తొక్కమాకండి," అన్నాడు.

మూడు వారాల తర్వాత ఇన్‌స్పెక్షను. ఆ పొద్దున క్వారీ లారీలు దారికి అడ్డంగా ఆగి పావుగంట పోయింది. ఎక్కుడు దగ్గర తొందరలో లేచి నిలబడి తొక్కాను. చైను ఎగిరింది. కాలి కింద ఏమీ లేనట్టయి, మోకాలు హ్యాండిలుకి కొట్టుకుని కంకర మీద పడ్డాను. నెత్తురు కారుతూ గంటన్నర ఆలస్యంగా బడికి చేరాను. అధికారి నా తరగతిలో నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

సంజాయిషీ రాయమన్నారు. నిజం రాస్తే ఇలా ఉండేది: మేస్త్రి వద్దన్నాడు, నేను వినలేదు. నేను ఇలా రాశాను: "సదరు సైకిలు మేస్త్రి పాత ఫ్రీవీలును కొత్తదని నమ్మించి బిగించినందున ప్రమాదము సంభవించినది." ఒకే ఒక్క వాక్యం. వ్యాకరణ దోషం లేదు. నా ఉద్యోగం నిలబడింది.

ఆ కాగితం ఆఫీసుల్లో తిరిగి తిరిగి మా పాత హెడ్మాస్టరు చేతికి వచ్చింది. ఆయన దాన్ని స్టాఫ్‌రూములో చదివి వినిపించాడట. నేనంటే గిట్టని మనిషికి నా అబద్ధం మీద మాత్రం ఎంత నమ్మకమో! పిల్లల సైకిళ్ళు అక్కడికి పంపొద్దని ఇళ్ళకి చెప్పించాడు. నా తోటి మాస్టర్లు, ఆ మేకు దగ్గర నాతో కలిసి నవ్విన వాళ్ళు, బస్టాండు దగ్గర షాపుకి వెళ్ళడం మొదలుపెట్టారు. ఏడాది తిరగకుండా మేస్త్రి షాపు మూసి నందిగామ వెళ్ళిపోయాడు. నేను ఒక్కసారి కూడా ఆ షాపు వైపు వెళ్ళలేదు. కంకర దారికి వేరే సందులోంచి తిరిగి వెళ్ళేవాణ్ణి. కొత్త ఫ్రీవీలు వేరేచోట వేయించుకున్నాను. తర్వాత చైను ఒక్కసారి కూడా ఎగరలేదు.

రిటైరయ్యాక కేసు కోసం నందిగామలో అద్దెకి దిగాను. కోర్టు ఎదుట రేకుల పంచ కింద ఆయన కనిపించాడు. మనిషి సగమయ్యాడు. నన్ను చూసి కాదు, బండిని చూసి గుర్తుపట్టాడు.

"ఇదింకా ఉందా మాస్టారూ!"

"ఉంది. ఇప్పుడు దీనికి ఏం మార్చమంటావు మేస్త్రీ?"

బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి చైను వేలితో ఎత్తి చూసి వదిలేశాడు.

"ఏమీ మార్చమాకండి. మీరూ పెద్దోళ్ళయ్యారు, బండీ పెద్దదయింది. అన్నీ ఒక్క తీరునే అరిగినయ్యి. ఇప్పుడు కొత్తది ఏది పెట్టినా మిగతాయి ఓర్చుకోలేవు. గాలి కొట్టుకుంటా తిరగండి."

నాలుగేళ్ళు గాలి కొట్టించుకుంటూ తిరిగాను. వారానికొకసారి. కొట్టే ప్రతిసారీ ఆ సంజాయిషీ సంగతి చెబుదామని నోరు తెరిచేవాణ్ణి. ఎవరో ఒకరు పంక్చరు బండి నడిపించుకుంటూ వచ్చేవాళ్ళు. వాళ్ళు రాకపోయినా చెప్పేవాణ్ణి కాదని ఇప్పుడు తెలుసు. ఆయన ఎన్నడూ అడగలేదు. ఆయనకి తెలియదని నేను అనుకున్నాను, అనుకోవడం సుఖం కాబట్టి.

పెద్దకర్మకి వెళ్ళాను. సందులో షామియానా వేశారు. కోర్టు దగ్గర టైపు షాపాయన లేచి, మేస్త్రి నిజాయితీ గురించి నాలుగు మాటలు చెప్పాడు. ఆయన కూర్చోగానే నేను లేచాను.

"ఈ మనిషి జగ్గయ్యపేటలో షాపు మూయడానికి కారణం నేను. ఆయన మోసం చేశాడని రాసిచ్చాను. అది అబద్ధం. తప్పు నాది," అన్నాను.

వెనక నుంచి ఒకరు, "పాపం పెద్దాయన, ఎంత బాధపడుతున్నాడో! అభిమానం అట్టాంటిదండీ," అన్నారు. నలుగురు తలలూపారు. చిన్న మనిషి చావుకి వచ్చి తనని తాను తిట్టుకుంటున్న మంచి మాస్టారినయ్యాను. టైపు షాపాయన నా భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు.

మేస్త్రి కూతురు మంచినీళ్ళ గ్లాసు తెచ్చింది. కంచికచర్లలో కాపురం ఉంటుంది.

"నాకు తెలుసండీ," అంది మెల్లగా. "నాన్నక్కూడా తెలుసు. ఆఫీసులో ప్యూను ఒకాయన చేత ఆ కాయితం రెండు సార్లు చదివించుకున్నాడు."

"ఏమన్నాడమ్మా?"

"చదువుకున్నోళ్ళు అబద్ధం రాసినా వినసొంపుగా ఉంటదే అన్నాడు. అంతే."

"ఇంకేమీ అనలేదా?"

"అంటానికేముంది? షాపు ఎత్తేశాం. అప్పుడు నేను టెన్తండీ. ఇక్కడికొచ్చాక నన్ను బడికి పంపలేదు." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే దాన్ని పట్టుకుని ఏదైనా అనేవాణ్ణి. "పోనీండి. ఇప్పుడెందుకు ఆ మాటలు? ఆకులేస్తున్నారు, మీరు ముందు వరసలోకి రండి, పెద్దోళ్ళు."

వెళ్ళాను. నేల మీద కూర్చోలేకపోతే బల్ల వేశారు. ఆమె నా ముందు విస్తరాకు పరిచి, దాని మీద నీళ్ళు చిలకరించి పక్క మనిషి దగ్గరికి వెళ్ళింది. అందరూ ఆకు తుడుచుకున్నారు. నేనూ తుడిచాను. నీళ్ళు ఈనె పక్కన ఒకచోట చేరి నిలిచాయి. వడ్డన మొదలైంది, గరిటెతో అన్నం తెచ్చినతను నా ముందు ఆగి, "తుడుచుకోండి మాస్టారూ, అన్నం వెయ్యాలి," అన్నాడు. మళ్ళీ తుడిచాను.