మూడు ఊళ్ళలో కార్డు పరీక్ష

మా ఆవిడ పెళ్ళి ఆల్బములు డిజైన్ చేస్తుంది. ఫోటోలు పెద్దగా, స్పష్టంగా కనపడాలని సూర్యాపేటలోని మా ఇంటికి 4కె మానిటర్ తెచ్చుకున్నాం. ఆ రోజు నుంచీ తెరమీద మౌస్ బాణం కుంటుతూ నడిచేది. గంట పనిచేస్తే ఆమెకు కళ్ళు మండి తలనొప్పి పట్టేది. ఇలాగైతే పనే మానేస్తానంది.

గ్రాఫిక్స్ కార్డు పాతది, ఇంత తెరను మోయలేకపోతోందని తేల్చాను. కానీ అమ్మేవాడి మాట నమ్మి కొనడం తాయెత్తు కట్టించుకోవడం లాంటిదేనని ఏళ్ళ తరబడి హేతువాద సభల్లో చెప్పినవాణ్ణి. మానిటర్‌ను దుప్పట్లో చుట్టి కారులో పెట్టి, మా ఆవిడతో బయల్దేరాను. షరతు ఒక్కటే: మా తెర, మా కేబుల్, మా ఫోటో. మారేది కార్డు మాత్రమే.

సూర్యాపేట దుకాణంలో వాళ్ళ కంప్యూటర్‌లో చవక కార్డు పెట్టారు. బాణం కుంటింది. కోదాడలో దానికి రెట్టింపు ధరది పెట్టారు. అదే కుంటు. నా అనుమానం రూఢి అయింది. వాడేసిన పాత కార్డులకు కొత్త అట్టపెట్టెలు తొడుగుతున్నారని అందరి ముందే అన్నాను. దుకాణదారు సీలు చూపించాడు. సీళ్ళూ అచ్చువేయిస్తారన్నాను.

“మా కేబుల్ పెట్టి చూద్దాం మాస్టారూ,” అన్నాడతను.

“మీ కార్డుకు మీ కేబులే సాక్ష్యమా?”

జనం నవ్వారు. అతను కార్డు తీసి పెట్టెలో పెట్టేశాడు.

మిర్యాలగూడ దుకాణం నడిపేది ఒక నడివయసు మహిళ. ఆమె కార్డులు తీయలేదు. మా కేబుల్ ఎప్పటిదని అడిగింది. పాత టీవీదన్నాను. అది ఇంత పెద్ద బొమ్మను సెకనుకు ముప్పైసార్లే పంపగలదట, అరవై కావాలట. నేను నోరు తెరవబోయాను.

“జర సప్పుడు చెయ్యకు. పెట్టనియ్యి,” అంది మా ఆవిడ.

దుకాణం కంప్యూటర్‌కు కొత్త కేబుల్‌తో మా తెర తగిలించగానే బాణం జారుతూ సాగింది. మాది పెట్టించాను, కుంటింది. మూడుసార్లు మార్పించాను.

“ముందు మీ పాత కార్డుకే ఈ కేబుల్ పెట్టి సూడుండ్రి సార్. నడిస్తే కొత్తదెందుకు?” అంది దుకాణం ఆమె. అమ్మేవాళ్ళు వద్దనడమేమిటని దారంతా ఆమెనూ అనుమానించాను.

కొనుక్కొచ్చిన కేబుల్‌తో ఇంట్లో పాత కార్డే నడిచింది. మరునాడు మా ఆవిడ పొద్దున కూర్చుని మధ్యాహ్నానికి ఒక ఆల్బం పూర్తిచేసింది. తలనొప్పి లేదు. కోదాడ అతనికి ఫోన్ చేసి చెబుతానన్నాను.

“పదిమందిల అన్నవ్,” అంది ఆమె, తెర మీంచి చూపు తిప్పకుండానే. “పదిమంది ఉన్నప్పుడే పోయి చెప్పు.”