రావికమతంలో రిప్పరు బిగించిన రెండు రోజులు

పాత చైను ట్రాక్టర్లున్నవాళ్ళు తరచూ ఫోను చేసి, వెనక రిప్పరు బిగించుకోవచ్చా అని అడుగుతుంటారు. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. అందుకని ఈసారి వెళ్ళొచ్చిన సంగతంతా రాసేస్తున్నాను, చదువుకోండి. తెలియనివాళ్ళకు ఒక్క ముక్క: టైర్లకు బదులు ఇనప చైన్ల మీద పాకే బండి చైను ట్రాక్టరు. దాని వెనక తగిలించి దించితే మోకాలి లోతున నేలను చీల్చే ఇనప కొక్కెం రిప్పరు.

రాజమండ్రిలో ఉదయం ఐదూ నలభైకి విశాఖ వైపు రైలు ఎక్కాను. రిప్పరు రెండు రోజుల ముందే లారీలో వెళ్ళిపోయింది. నా దగ్గర పానాల సంచీ, చంకలో ఒక అట్ట ఉన్నాయి. అట్టకు ఎనిమిది చిల్లులు. రిప్పరు ఫ్రేముకున్న బోల్టు చిల్లులకు అది అచ్చు. ట్రాక్టరు వెనక పెట్టి చూస్తే ఎనిమిదికి ఎనిమిదీ కలవాలి. సంచీలో ఇంకో కాగితం కూడా ఉంది. ట్రాక్టరు యజమాని రాంనాయుడు గారు బండి వెనక గ్రీజు పూసి, కాగితం అద్ది, ఆ ముద్రను నాకు పంపారు. అందులో చిల్లులు ఆరే కనిపిస్తున్నాయి. ప్రయాణం పొడుగునా నన్ను తొలిచేసింది అదే.

తునిలో ఎక్కిన బెల్లం వ్యాపారి ఒకాయన నా ఎదురుగా కూర్చుని అట్టను ఎగాదిగా చూశాడు.

“ఏటండీ బాబూ అది, ఇడ్లీ రేకుకి కొలతా?”

పాత ట్రాక్టరు సంగతి చెప్పాను.

“పాతదా! కాటాకేసెయ్యక ఇంకా దానికి సోకులేటండీ?” అని నవ్వాడు.

నాకు ఒళ్ళు మండింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆయన అనకాపల్లి దాకా వేరేవాళ్ళతో బెల్లం రంగు గురించి మాట్లాడుకున్నాడు.

అనకాపల్లి చేరేసరికి ఎనిమిదీ నలభై. బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాను. చట్నీ పలచన, ఇడ్లీ మాత్రం మెత్తగా ఉంది. తొమ్మిదిన్నరకు చోడవరం మీదుగా వెళ్ళే బస్సు దొరికింది. టిక్కెట్టు ధరలు రాయను, మీరు వెళ్ళేనాటికి ఎలాగూ మారిపోతాయి. దారంతా చెరుకు బళ్ళు అడ్డం. రావికమతంలో దిగేసరికి పదకొండైంది.

బస్సు దగ్గరికి మోటారు సైకిలు మీద ఒక మనిషి వచ్చాడు. అరవై దాటి ఉంటాయి, సన్నగా, చేతులు మాత్రం గట్టిగా ఉన్నాయి.

“నూకరాజునండి. బండి నానే తోల్తాను. ముప్పై రెండేళ్ళయిపోనాది.”

దారిలో అతనే చెప్పాడు: “సోమారం పాత ఇనపోళ్ళు వత్తారంట బాబూ. రిప్పరు పడితే బండుంటాది. నేపోతే తూకానికెల్లిపోద్ది. ఇంక నాకీ వయసులో కొత్త బండి ఎవులిత్తారు?”

రాంనాయుడు గారు పొలంలోనే ఉన్నారు. డెబ్బై ఏళ్ళ మనిషి, మాట పొదుపు. చెరుకు కొట్టేసిన చేను చూపించారు. పైన జానెడు మట్టి, దాని కింద రాయిలాంటి గట్టి పొర. వేరు దిగదు, గాలి వస్తే చెరుకు మొత్తం పడిపోతుంది. ఆ పొర చీలిస్తేనే ఈ చేను, ఈ బండి ఉంటాయి. ఆయన లెక్క అంతే.

బండి చూశాను. పసుపు రంగు మీద పసుపు రంగు, ఎన్నిసార్లు వేశారో. వెనక భాగం పోత ఇనుముతో చేసిన పెద్ద డబ్బా, లోపల గేర్లూ నూనే ఉంటాయి. కిరసనాయిలు పోసి, తీగ బ్రష్షుతో తోమి, అట్ట ఆనించాను. పైన నాలుగు, పక్కల రెండు కలిశాయి. కింద రెండు చిల్లులు ఉండాల్సిన చోట నున్నగా ఉంది. మళ్ళీ తోమాను, గోకాను. మధ్యాహ్నం భోజనానికి లేచేదాకా తోముతూనే ఉన్నాను. అన్నం, బీరకాయ కూర, పెరుగు పెట్టారు. నూకరాజు తినలేదు. ఆకలి లేదన్నాడు.

మళ్ళీ చూసి, ఇది ఆరు చిల్లుల పాత రకం అని తేల్చుకున్నాను. రిప్పరు నేలలో దిగి లాగినప్పుడు బరువంతా కింది రెండు బోల్టుల మీదే పడుతుంది. అవి లేకుండా బిగిస్తే మొదటి చాలుకే డబ్బా పగులుతుంది. ఆ డబ్బా ఇప్పుడు ఎక్కడా దొరకదు.

“ఎల్డింగెట్టీ మేస్త్రీ,” అన్నారు నాయుడు గారు.

“పోత ఇనుముకు వెల్డింగు పెడితే అతుకు పక్కనే నెర్రెలిస్తుంది. ఆ పాపం నేను చెయ్యను.”

సాయంత్రం నాలుగున్నరకు పానాలు తుడిచి సంచీలో వేసుకున్నాను. ఇంత దూరం వచ్చి ఊరికే పోతున్నందుకు నాకూ చిరాగ్గానే ఉంది. నాయుడు గారు జేబులోంచి ఫోను తీసి, పాత ఇనుము వాళ్ళ నంబరు వెతుకుతున్నారు.

“బాబూ, ఫోనాపండి,” అన్నాడు నూకరాజు. “కింద ఇంకో రెండు సిల్లులున్నాయి.”

ఇద్దరం అతని వైపు తిరిగాం.

“నానే మూసేసేను. బండెక్కిన కొత్తలో, ఎనకాల తొట్టి లాగే కొక్కెం ప్లేటు బిగిత్తన్నాను. బోల్టు పొడుగైపోనాది. అడుగు తగిలినా ఆపనేదు, పానాకి పైపు తొడిగి తిప్పేసేను. సిల్లు అడుగు పగిలిపోనాది. రేత్రికి రేత్రి నూనంతా కారిపోనాది. బెల్లం, సున్నం దంచి కూరేసేను. ఒకటే మూత్తే తెలిసిపోద్దని రెండూ మూసేసి, పైన రంగేసేను.”

ఈ వైపు కారే తొట్టికైనా, నెర్రెలిచ్చిన గోడకైనా బెల్లం సున్నం ముద్దే మందు. గేరు డబ్బాకు కూడా పెట్టారని నాకెలా తెలుస్తుంది! బెల్లం కిరసనాయిలుకు కరగదు. నలభై ఏళ్ళ పనివాణ్ణని చెప్పుకునే నేను పూటంతా దాన్నే పోసి తోముతూ కూర్చున్నాను.

నాయుడు గారు మాత్రం చిల్లుల వైపు చూడటం లేదు. “అయితే ఆ నూని…” అని ఆగిపోయారు.

“అవును బాబూ. తమరు పొద్దున్నొచ్చి ఎవుడు సేసేడని అడిగితే ఎల్లాజీ పేరు సెప్పేను. నూని వదిలే బిరడా ఆడు సరిగా బిగించనేదని సెప్పేను.”

ఎల్లాజీ ఎవరని అడిగాను. అప్పట్లో బండికి రెండో మనిషట, సముద్రం ఒడ్డున పూడిమడక నుంచి వచ్చినవాడు. వాళ్ళ నాన్న నాయుడు గారిని బతిమాలి పనిలో పెట్టించాడట. ఆ పొద్దునే నాయుడు గారు అతన్ని పంపేశారు.

“నా కాళ్ళట్టుకున్నాడు,” అన్నారు నాయుడు గారు. “ఇన్నేదు నేను.” నూకరాజు వైపు తిరిగి, “ఒగ్గీరా. ఎప్పటి మాటో. సిల్లులు దొరికేయి కదా,” అని బెల్లం వండే పాక వైపు నడిచారు. ఆయనకు కోపం నూకరాజు మీదో, తన మీదో నాకు తెలియలేదు.

ముందు డబ్బాలో నూనె దించేశాం. పాకలోంచి మరిగే నీళ్ళు వచ్చాయి. గుడ్డ తడిపి అదుముతూ గంటసేపు పోశాం. భయంలో సున్నం తక్కువ, బెల్లం ఎక్కువ వేసినట్టున్నాడు, మాకది కలిసొచ్చింది. ముద్ద మెత్తబడి నల్లటి పాకంలా జారింది. లోపల మరలు మెరుస్తూ ఉన్నాయి.

ఆ రాత్రి నాయుడు గారి ముందు గదిలో పడుకున్నాను. మంచం బాగుంది. దోమతెర అడిగి పుచ్చుకోండి.

మర్నాడు ఆరింటికి మొదలెట్టాం. సైకిలు పుల్లతో చిల్లుల లోతు కొలిచి, కింది రెండు బోల్టులూ అడుగుకు తగలకుండా కోశాను. మరలకు నూనె ఆపే పేస్టు రాసి, రాగి వాషర్లు వేసి, ఎనిమిదింటినీ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ వచ్చాను. పది దాటేసరికి డబ్బాలో నూనె మళ్ళీ పోసి, హైడ్రాలిక్ పైపులు కూడా తగిలించాం. చుక్క నూనె రాలేదు.

“ఎక్కరా నూకరాజూ,” అన్నారు నాయుడు గారు.

“ఇప్పుడెక్కను బాబూ. ముందు పూడిమడక ఎల్లొచ్చి ఎక్కుతాను.”

“ఇన్నేళ్ళ తర్వాత ఎల్లి ఏటి సేత్తావు?”

“సెప్తాను.”

నాయుడు గారు నాకు సీటు చూపించారు. నేనే ఎక్కి నడిపాను. రిప్పరు దిగింది, ఇంజను మూలిగింది, గట్టి పొర పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. చేను ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే ఊపులో వెళ్ళింది. నాయుడు గారు ఒక పెళ్ళ చేతిలోకి తీసుకుని నలిపి, అక్కడే నిలబడి పాత ఇనుము వాళ్ళకు రావద్దని ఫోను చేశారు. నూకరాజు గట్టు మీద నిలబడి చూశాడు. ఈ బండి కోసం తన పరువు తీసి బయట పెట్టినవాడు అక్కడ, నేను ఈ సీట్లో. నాకు సిగ్గేసింది.

పావు తక్కువ ఒంటిగంటకు బస్సు. నూకరాజు ఉతికిన చొక్కా వేసుకుని నా పక్కనే కూర్చున్నాడు. ఎల్లాజీ ఎక్కడున్నాడో ఎలా తెలుసని అడిగాను.

“ఏటేటా వాకబు సేత్తానే ఉన్నాను బాబూ. వలలు కుట్టుకుంటన్నాడు. రెండుసార్లు సగం దారి, అచ్యుతాపురం దాకా ఎల్లి ఎనక్కొచ్చీసేను.”

అనకాపల్లిలో రెండున్నరకు దిగాం. పూడిమడక బస్సు కదలబోతోంది. మెట్టు మీద కాలు పెట్టి, “ఏటని మొదలెట్టాల బాబూ?” అన్నాడు.

“ముందు బోల్టు సంగతి చెప్పు. మిగతాది అదే వస్తుంది,” అన్నాను. బస్సు వెళ్ళిపోయింది.

నా రైలు నాలుగు గంటలకు, కిటికీ పక్కన చోటు దొరికింది. వెళ్ళాలనుకునేవాళ్ళకు నా మాట ఇది: రెండు రోజులు చాలు, దారి సుళువు, మనుషులు మంచివాళ్ళు. బండి ఇంకో పదేళ్ళు పనిచేస్తుంది. వచ్చిన పని అయిందనే తృప్తి నాకు అన్నవరం దాటేదాకా ఉంది. అప్పుడు నూకరాజు ఫోను వచ్చింది.

“సెప్పేను బాబూ.”

“ఏమన్నాడు?”

“వల కుట్టడం ఆపనేదు. మొత్తం ఇన్నాడు. ఇన్నాక ఒకటే అడిగేడు. ‘నానే బిరడా వొదిలేసేనని మా అయ్య సచ్చిపోయినదాకా తిట్టేడు. ఇప్పుడాయనకి ఎవుడు సెప్తాడు?’ అని.”





ఇప్పుడెక్కడున్నావని అడిగాను.

“ఆడి ముందే ఉన్నాను. రెండు బస్సులెల్లిపోనాయి. ఆడు కూకోమననేదు, పొమ్మననేదు. కూకున్నాను.”