దేవదూత అడగకూడని మాట

మూడు వారాలు కూర్చుని రాసుకున్న దేవదూతను ఒక్క మాటతో చంపించిన ఘనత నాది. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, నవ్వుకోండి. నాకేం సిగ్గు లేదు.

రుషికొండలో ఉద్యోగం, ఆదివారం మధ్యాహ్నాలు మా గదిలో స్నేహితులు పద్మ, అప్పలరాజులతో కథలాట. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్లు అందులో వీరులు. వేసిన కత్తి తగిలిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఆ రోజు మొదటిసారి కథ చెప్పే పీట నాకు దక్కింది. ఆట చప్పగా ఉంటే వచ్చే వారం నుంచి క్యారమ్సేనని పద్మ ముందే హెచ్చరించింది. నాకు భయమేమిటి, నా నోట్సులో దేవదూత ఉన్నాడు కదా.

వీరులిద్దరూ రాక్షసుడి దీవికి పడవ ఎక్కుతున్నారు. అప్పుడు మబ్బులు చీల్చుకుని తెల్లటి రెక్కలతో దేవదూత దిగాడు. రాక్షసుణ్ణి చంపగల ఒకే ఒక్క కత్తి అతని చేతిలోనే ఉంది. నేను లేచి నిలబడి, గొంతు బరువు చేసి, అతని తరఫున అడిగాను: "వీరులారా, ఎచ్చటికి పోవుచున్నారు?"

ఇద్దరూ కళ్లార్పకుండా నన్నే చూశారు. మైమరచిపోయారనుకున్నాను.

అప్పలరాజు పెన్సిల్ కింద పెట్టాడు. వాళ్ల నాన్నకు ఫిషింగ్ హార్బర్‌లో సొంత చేపల బోటుంది.

"బయల్దేరినోల్లని ఎక్కడికని అడుగుతాడేటి బావా?"

"అడిగింది గ్రాంథికంలో కదా."

"శకునానికి గ్రాంథికం రాదేటి? దూరమా అని అడగాల. సేపలకెల్లినప్పుడు ఎవులైనా ఆ మాటంటే మా నాన్న బోటు దిగొచ్చేత్తాడు. ఈడు దేవదూత కాదు, రాక్షసుడు పంపినోడు."

దేవదూతలు అబద్ధమాడరని ఆట పుస్తకం తీసి చూపించాను. ఇంగ్లీషు పుస్తకానికి శకునాలేం తెలుసని పద్మ కొట్టిపారేసింది. అప్పలరాజు దేవదూత మీద కత్తి దూసి పాచిక వేశాడు. ఇరవై పడింది, అంటే తిరుగులేని దెబ్బ. నా దేవదూత రెక్కలతో, కత్తితో సహా సముద్రంలో మునిగిపోయాడు. దేవుడు వరమిచ్చినా దూత నోరు ఊరుకోలేదు.

కత్తి లేకపోతే కథ లేదు. ఇద్దరూ సంచులు సర్దుకుని లేచారు. నా పీటా, నా పరువూ గుమ్మం దాటుతున్నాయి. కంగారులో నోరు జారాను.

"ఎక్కడికి బావా?"

అప్పలరాజు గుమ్మంలోనే ఆగి నన్ను ఎగాదిగా చూశాడు. వెనక్కొచ్చి, కుర్చీలో కూలబడి, "మంచినీల్లియ్యి" అన్నాడు. పద్మా కూర్చుంది. ఆ మాట అడిగాక కాసేపు కూర్చుని, నీళ్లు తాగి కానీ కదలకూడదు మరి.

వాళ్లు నీళ్లు తాగేలోపు, తడిసిన కత్తి పట్టుకుని సముద్రంలోంచి రెండో దేవదూత లేచాడు. ఈసారి వినయంగా తల వంచి, "దూరమా బావా?" అని అడిగాడు.

"దూరమే" అని అప్పలరాజు పాచిక అందుకున్నాడు. సాయంత్రానికి రాక్షసుడు చచ్చాడు, క్యారమ్స్ బోర్డు మంచం కిందే ఉండిపోయింది.

కనుక ఇరవై ముఖాల పాచిక సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా దేవదూతల నోట ఆ మాట ఈ జన్మలో రానివ్వను. ఆట మధ్యలో లేచిపోయేవాళ్లను మాత్రం నేనే స్వయంగా అడుగుతాను.