విరమణ వాయిదా పడిన విమానం

సిద్దిపేట బస్సు డిపోలో నా ఉద్యోగమంతా వాహనాల లెక్కలతోనే గడిచింది. ఏ బస్సు ఏ సంవత్సరంలో వచ్చింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఇంజను ఎన్నిసార్లు విప్పారు అన్న అంకెలు నా బల్ల మీదికి వచ్చేవి. కొత్త బస్సును హైదరాబాదు దారిలో నడిపేవారు. పాతబడ్డాక దాన్నే నంగునూరుకో రాయపోల్‌కో పల్లె సర్వీసుగా వేసేవారు. పదిహేనేళ్ళు దాటిన బస్సు మా గేటు దాటి బయటికి పోయినట్టు నాకు జ్ఞాపకం లేదు. పదవీ విరమణ తర్వాత కూడా, వాహనం వయసు తెలుసుకోకుండా ఎక్కే అలవాటు నాకు రాలేదు.

నా తమ్ముడు గల్ఫ్‌లో క్రేన్ ఆపరేటరు. ఈసారి సెలవుకు వస్తూ విమానం ముందు నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటి నాకు పంపాడు. వాడి భుజం వెనుక విమానం మీద రాసిన నంబరు స్పష్టంగా ఉంది. దాన్ని ఫోన్‌లో వెతికితే ఆ విమానం మొదటిసారి ఎగిరిన తేదీ దొరికింది. లెక్కిస్తే ఇరవై మూడేళ్ళు. మూడు కంపెనీల చేతులు మారి ఇక్కడికి చేరింది. ఆ సంస్థకు ఈ దారిలో తిరిగేది అదొక్కటే.

"తిరిగి పోయేటప్పుడు గీ ఇమానం ఎక్కకు తమ్మీ," అన్నాను.

వాడు అన్నం కలుపుతూ తల ఎత్తలేదు. "నువ్వు రిటైరైనవని కనవడ్డదాన్నల్ల రిటైర్ జేస్తవా ఏంది అక్కా?"

"ఇరవై మూడేండ్లు. బస్సయితే ఎప్పుడో తుక్కు కింద అమ్ముదురు."

"నా క్రేన్ దానికంటె ముసల్ది. రోజూ దాని మీదనే కూసుంట. అయినా గా ఇమానంల కాళ్ళు సాపుకోవచ్చు. కొత్తయిట్ల మోకాళ్ళు గదుమకు తాకుతయి."

ఆ జవాబులో పనికివచ్చే అంకె ఒక్కటీ లేదు. కాబట్టి నేనే చదివాను. విమానం అరుగుదలను సంవత్సరాలతో మాత్రమే కొలవరట. ఎన్నిసార్లు ఎగిరి దిగిందో కూడా చూస్తారట. గల్ఫ్ ప్రయాణం పొడవైనది కనుక రోజులో దిగేది తక్కువసార్లే. ఆ పద్ధతి న్యాయంగానే తోచింది. అయితే ఈ విమానం ఎన్నిసార్లు దిగిందో ఎక్కడా రాయలేదు. తెలియని అంకెను సున్నాగా వేసుకోవడం నాకు చేతకాదు. పాత బస్సును పల్లెలకు వేసినట్టే పాత విమానాన్ని కూలి పనికి పోయేవారి దారిలో వేశారన్న సంగతి మాత్రం గమనించాను.

ఇంతలో తమ్ముడికి మూత్రపిండంలో రాయి బయటపడింది. ఆపరేషను, విశ్రాంతి కలిసి సెలవును మింగేశాయి. ఆ దేశం బయట ఆరు నెలలు దాటితే వాడి నివాస అనుమతి రద్దవుతుంది. దానితో ఉద్యోగమూ పోతుంది. యాభై దాటిన క్రేన్ ఆపరేటరుకు కొత్త వీసా ఇచ్చే కంపెనీ ఏదీ వాడికి తెలియదు. వాడి కంపెనీ పంపిన టికెట్టు మంగళవారానికి. గడువు అదే వారం శనివారానికి.

ప్రయాణానికి కొద్ది రోజుల ముందు విమాన సంస్థ నుంచి మెసేజీ వచ్చింది. పాత విమానాన్ని మంగళవారానికి ముందే సర్వీసు నుంచి తొలగిస్తున్నారు. కొత్త విమానం రాగానే, వాడి గడువు దాటాక వచ్చే బుధవారం తీసుకుపోతారు. ఆ తేదీకి ఒప్పుకోవచ్చు, లేదా టికెట్టు రద్దు చేసుకోవచ్చు.

మరదలు చిక్కుడుకాయలు తుంచుతూ విన్నది. "నువ్వు అనుకున్నట్టే అయింది గద వదినె. ముసలి ఇమానం పోయింది. ఇగ మీ తమ్ముడు గీడనే ఉంటడు. ఇద్దరు కూసొని బస్సులు లెక్కవెట్టున్రి."

సెలవులు ముగిసే కాలం కావడంతో వేరే విమానాల్లో సీట్లు లేవు. తమ్ముడి కంపెనీ మనిషికి ఫోను చేస్తే రూలు రూలేనన్నాడు. తమ్ముడు రద్దు చేసే గుర్తు మీదికి వేలు తెచ్చాడు.

"ఆగు," అన్నాను. "రెండిట్ల ఏదీ ఒత్తకు. కొత్తది ఎప్పుడొస్తదని రాసిన్రు?"

"గా బుధవారం లోపలనట."

"రాదు."

నా ఉద్యోగకాలంలో కొత్త బస్సు ఆర్డరులో రాసిన తేదీకి డిపోకు చేరడం నేను ఒక్కసారీ చూడలేదు. అది వచ్చేదాకా, తొలగించాలని సంతకమైన పాత బస్సే దారిలో తిరిగేది. ఆ మాటే వాళ్ళకు చెప్పాను.

"రాదని ఏం గ్యారంటి వదినె?"

"గ్యారంటి లేదు. ఇప్పటిదాక అయితే ఎన్నడు రాలే."

ఇమానం బస్సు కాదని తమ్ముడు అంటాడనుకున్నాను. వాడు రద్దు గుర్తు మీది నుంచి వేలు తీశాడు. ఆ రోజు అన్నం సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు. అప్పటి నుంచి పొద్దున్నే ఫోన్‌లో ఆ నంబరు చూడడం నా పని అయింది. ఎగిరిందని కనిపిస్తే లోపలికి వెళ్ళి చెప్పేదాన్ని. మరదలు విని, చిక్కుడుకాయల గిన్నె ముందేసుకుని కూర్చునేది.

మూడో రోజు ఇంకో మెసేజీ వచ్చింది. కొత్త విమానం రాక ఆలస్యమైనందున పాత విమానాన్నే మరికొంత కాలం నడుపుతారు. మంగళవారం టికెట్టు మంగళవారానికే ఉంది. తమ్ముడు రెండుసార్లు చదివాడు. మరదలు చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టి, అల్మారా మీద నుంచి బ్యాగు దించింది.

మంగళవారం మధ్యాహ్నం వాడు అక్కడ దిగి ఫోను చేశాడు.

"పాస్‌పోర్టుల స్టాంపు వడ్డదక్కా."

"దిగుడు ఎట్ల దిగింది?"

"ఏమో, నిద్రవోయిన. అందరు లేస్తుంటే లేసిన."

మరదలు నా చేతిలోంచి ఫోను తీసుకుని మాత్రలు వేసుకున్నాడా అని అడిగింది. లేదట, అవి పెద్ద బ్యాగులో పెట్టాడట, బ్యాగు ఇంకా రాలేదట. "చేతి సంచిల వెట్టుకొమ్మని ఎన్నిసార్లు చెప్పిన? నీ తలకాయల ఏమన్న ఉన్నదా?" అంటూ ఆమె వాకిట్లోకి నడిచింది. మొదటి మెసేజీ వచ్చిన నాటి నుంచి ఆమె వాడిని ఒక్క మాటా అనలేదు. ఆ తిట్లు చాలాసేపు సాగాయి.