పదేళ్లని నింపిన గడి

అక్కావాళ్ల వలస ఖాయమైన రోజే నేను కంప్యూటర్లో ఒక పట్టిక తయారు చేశాను. ముగ్గురు మనుషులు: అక్క, బావ, ఐదేళ్లు నిండబోతున్న పాప. ఒక్కొక్కరికి ఒక వరస, వరసకి పద్నాలుగు గళ్లు. పాస్‌పోర్టు నంబరు, జారీ అయిన తేదీ, గడువు తీరే తేదీ, వీసా, మెడికల్, పోలీసు క్లియరెన్సు, టీకాలు, ఇలా. అయిన పనికి ఆకుపచ్చ, కాని పనికి ఎరుపు. ఇళ్ల ప్లాన్లు గీసే ఉద్యోగం నాది. గుడివాడలో పొద్దున్నే రైలెక్కి బందరు ఆఫీసుకి వెళ్లి సాయంత్రం రైలుకి తిరిగొచ్చేవాణ్ణి. నాన్న లేరు. అమ్మ, నేను, అక్క, పాప ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. బావ హైదరాబాదులో పని చేస్తూ నెలకి రెండుసార్లు వచ్చేవాడు.

గడువు తీరే తేదీ గడిలో, జారీ తేదీకి పదేళ్లు కలిపే సూత్రం పెట్టాను. బావ వరసలో రాసి కిందికి లాగితే అక్కదీ పాపదీ వాటంతటవే నిండిపోయాయి. పెద్దవాళ్ల పాస్‌పోర్టుకి పదేళ్లు, చిన్నపిల్లలదానికి ఐదేళ్లే. నాకు తెలియని సంగతేం కాదు. పాప నెలల పిల్లగా ఉన్నప్పుడు ఆ పాస్‌పోర్టు చేయించింది నేనే. వీసా దరఖాస్తుని ఏజెంటు పాస్‌పోర్టు చూసి నింపాడు కాబట్టి అక్కడ తేదీ సరిగ్గానే పడింది. తప్పు నా పట్టికలోనే మిగిలిపోయింది. ఇంట్లో అందరూ నమ్మేది ఆ పట్టికనే.

వీసాలకి ఒక షరతు ఉంది. ఫలానా తేదీలోపు ముగ్గురూ ఆ దేశంలో అడుగు పెట్టాలి. పెట్టనివాళ్ల వీసా పోతుంది. ఆ తేదీకి ఇరవై నాలుగు రోజుల ముందుకి టికెట్లు తీద్దామనుకున్నాం. ఆ మాట చెప్పి రావడానికి నేనూ బావా అవనిగడ్డ వెళ్లాం. అక్కడ బావవాళ్ల అమ్మగారు వసారాలో కూర్చుని మినుములు చెరుగుతున్నారు. తేదీ వినగానే చేట కింద పెట్టేశారు.

"మూఢంలోనా? కాపురం పెట్టడానికి మూఢంలో గడప దాటతారంట్రా ఎవరైనా?"

"విమానానికి మూఢం లేదమ్మా. అది రోజూ ఎగురుద్ది" అన్నాడు బావ.

"అది ఎగురుద్దిరా. దిగి బతకాల్సింది నువ్వు."

"పోనీ మూఢం రాకముందే పరస్థానం పెడదాం. మంచిరోజు చూసి సంచిలో నాలుగు బట్టలు సర్ది పక్కింట్లో పెడితే ప్రయాణం మొదలైనట్టేగా?"

"పరస్థానం వారం రోజుల మాట. నెల్లాళ్లు పక్కింట్లో సంచి ఉంచితే నీ బట్టలు వాళ్లాయన కట్టుకు తిరుగుతాడు." ఆవిడ నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు నాయనా, లెక్కలు తెలిసినవాడివి. మూఢం పోయాక వెళ్తే గడువు దాటుద్దా?"

ఫోనులో పట్టిక తెరిచాను. మూఢం అయ్యాక వచ్చే మొదటి మంచిరోజుకి ఇరవై రెండు రోజులు ఆలస్యం. అప్పుడు బయల్దేరినా వీసా గడువు లోపలే దిగుతారు.

"దాటదండీ అత్తయ్యగారూ. సరిపోతుంది."

"విన్నావా? ఇంజనీరే చెప్పాడు" అన్నారావిడ కొడుకుతో.

బావ గొణిగాడు. "మరీ అంచు మీద కదోయ్?"

"చాల్లే బావా" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో అప్పుడు నన్నెవరూ అడగలేదు. ఇంకో ఇరవై రెండు సాయంత్రాలు. నేను స్టేషన్ నుంచి వచ్చేసరికి పాప గేటు పట్టుకుని ఊగుతూ ఉంటుంది. జేబులో వేరుశనగ ఉండ ఉందో లేదో తనే వెతుక్కుంటుంది. నా లెక్కకి అడ్డేమీ కనపడలేదు కాబట్టి నా కోరిక కూడా అందులో కలిసిపోయింది.

ప్రయాణం రోజున హైదరాబాదు విమానాశ్రయంలో వాళ్లు ముగ్గురూ లోపలికి వెళ్లారు. అమ్మా నేనూ అద్దాల తలుపుల బయట నిలబడ్డాం. అరగంటకి బావ ఫోన్ చేశాడు.

"పాప పాస్‌పోర్టు గడువు ఎంతుందోయ్?"

"ఐదేళ్ల పైనే ఉంది" అన్నాను, పట్టిక తెరవకుండానే.

"ఐదు నెలల పద్దెనిమిది రోజులంట. మధ్యలో విమానం మారే దేశంలో ఆరు నెలల గడువు ఉండాలంట. ఎక్కనివ్వం అంటున్నారు."

మొదట అనుకున్న తేదీకి వెళ్లుంటే ఆరు నెలల మీద పది రోజులు ఉండేవి. అక్కడ నిలబడే ఆ తీసివేత చేశాను. వేరే దారిలో వెళ్లే విమానాలు వెతికాం. వీసా గడువులోపు దిగేది ఒక్కటీ లేదు.

అక్క పాపని ఎత్తుకుని బయటికొచ్చింది. వెనకే బావ.

"నేను ఉండిపోతాను, మీరు వెళ్లండి" అంది అక్క.

"నువ్వు దిగకపోతే నీ వీసా కూడా పోద్ది. అప్పుడు ఇద్దరికీ మొదట్నుంచి చెయ్యాలి. నువ్వొస్తే దీనొక్కదానికే." అన్నాడు బావ. తిట్టడానికి కూడా నా వైపు చూడలేదు.

అక్క నన్ను అడిగింది. "దీని పాస్‌పోర్టు, వీసా మళ్లీ రావడానికి ఎన్నాళ్లు పడుద్దిరా?"

"రెండు నెలలు" అన్నాను.

ఆ అంకె నేను ఎక్కడా చూసింది కాదు. అక్క ముఖం చూసి అనేశాను. చిన్నప్పట్నుంచీ నా లెక్కని అక్క సరిచూడదు. పాపని నా చేతుల్లో పెట్టింది. "పెరుగన్నంలోకి మాగాయ ముక్క కడిగి పెట్టు. తల దువ్వేటప్పుడు ఏడుస్తుంది, కథ చెప్పు" అంది. పాప అమ్మ పైట వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసింది నేనే.

రెండు నెలల్లో పాస్‌పోర్టే రాలేదు. తల్లిదండ్రులిద్దరూ పరదేశంలో ఉంటే వాళ్ల సంతకాలు అక్కడి మన రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి పంపాలి. పంపిన కాగితాల్లో ఒకటి తిరిగొచ్చింది. ఆ తర్వాత వీసాకి కొత్త దరఖాస్తు, కొత్త మెడికల్. అక్కకి కొత్త ఉద్యోగం, సెలవు లేదు. "వచ్చేయనారా?" అని ఫోనులో అడిగినప్పుడల్లా "ఇంకో పదిహేను రోజులు చూడక్కా" అనేవాణ్ణి. మొదట్లో పాప ఫోను తెరమీద అమ్మ ముఖానికి బుగ్గ ఆనించి పడుకునేది. ఐదో నెలకి గీసిన బొమ్మలు చూపించేది. ఎనిమిదో నెలకి "ఆడుకోవాలి" అని ఫోను నా చేతికిచ్చి పరిగెత్తేది. నేను కెమెరాని గేటు వైపు తిప్పి పట్టుకునేవాణ్ణి. గేటు పట్టుకుని ఊగే పాపని అక్క చూసేది.

పదమూడో నెలలో వీసా వచ్చింది. పాపని తీసుకెళ్లడానికి అక్క వచ్చింది. స్టేషన్ నుంచి ఆటోలో తీసుకొచ్చాను. దారంతా నా చొక్కా చెయ్యి పట్టుకుని కూర్చుంది. గేటు తీస్తుంటే పాప వసారాలోకి వచ్చి, అక్కని చూసి ఆగింది. అక్క సామాను కింద పడేసి రెండు చేతులూ చాపింది. పాప ఒకసారి నన్ను చూసి, గబగబా లోపలికి వెళ్లిపోయింది.

అక్క అరుగు మీద కూలబడింది.

పాప తిరిగొచ్చింది. చిన్న పళ్లెంలో మంచినీళ్ల గ్లాసు. ఒలక్కుండా రెండు చేతులతో పట్టుకుని, ఇంటికి ఎవరొచ్చినా ఇవ్వమని మా అమ్మ నేర్పినట్టే, అక్క ముందు నిలబడింది. అక్క గ్లాసు తీసుకుంది. మొత్తం తాగి పళ్లెంలో పెట్టింది. పాప దాన్ని లోపల పెట్టి వచ్చి నా వెనక నిలబడింది.

"మంచి అలవాటు నేర్పారురా" అంది అక్క.