మామ కొట్టిన వన్స్‌మోర్

"ఆ రోజుల్లో" అని మొదలుపెట్టి కళ్ళు తుడుచుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. ఆ రోజులేమీ అంత గొప్పవి కావు. ఆ రోజుల్లో నేను బెంగుళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరి, మాది ఆదోని అని చెప్పడానికి రెండుసార్లు గుటకలు మింగే వెధవని. ఎవరైనా ఊరడిగితే "బళ్ళారి దగ్గర" అనేవాణ్ణి. (బళ్ళారివాళ్ళు క్షమించాలి, అడక్కుండానే వాళ్ళ ఊరిని వాడుకున్నాను.) అప్పుడు జరిగిందొకటి తలుచుకుంటే ఇప్పటికీ కోపంతో నాకు అన్నం సయించదు. ఎవరెవరి మీద అంటే పెద్ద వరసే ఉంది. అందరినీ తిట్టుకుంటూ పోతే తప్ప ఈ కథ చెప్పడం నాకు చేతకాదు.

మా మామ, అంటే అమ్మకు తమ్ముడు, ఎమ్మిగనూరులో నేతపని చేస్తాడు. ఇప్పుడూ చేస్తాడు, కళ్ళు కనపడవని అందరితో చెబుతూనే. నడవాలో గుంట మగ్గం, మగ్గం పక్కన గూట్లో టేపు రికార్డరు, దాంట్లో ఎప్పుడూ ఒకటే క్యాసెట్టు. వేసవి సెలవుల్లో నేను ఆదోని నుంచి పోయినప్పుడల్లా నెలన్నర పాటు ఆ క్యాసెట్టే. అందులో ఉన్నది ఇంగ్లండు బ్యాండు. ప్రోగ్రెసివ్ రాక్ అంటారు దాన్ని. పల్లవి, చరణం, అయిపోయింది అన్నట్టు ఉండదు. ఒక్కో పాట అరగంట దాకా సాగుతుంది, మధ్యలో తాళం మారిపోతుంది, పాడేవాడు మాయమై వాయిద్యాలు వాటిలో అవి వాదులాడుకుంటాయి. కొత్త డిజైన్లు నేర్పడానికి బెంగుళూరు నుంచి వచ్చి, మామ ఇంటి ముందుగదిలో రెండు నెలలు అద్దెకున్న ఒకాయన తలుపు వేసుకుని ఆ పాటలు వినేవాడట, మగ్గం దగ్గరున్న మామకు అవి ముక్కలు ముక్కలుగా వినపడేవట. ఆయన వెళ్ళిపోయే ముందు మామ ఆ క్యాసెట్టు అడిగి తీసుకుని, ఆదోనిలో క్యాసెట్లు నింపే టేపుల భాయ్ దగ్గర ఒక కాపీ చేయించుకున్నాడు.

"ఇంగిలీసు నీకేం తెలుస్తాది మామా?" అని నేను వెక్కిరిస్తే మగ్గం మీద పేక దారమున్న నాడె అటూ ఇటూ విసురుతూనే చెప్పేవాడు. "మాటలతో మనకేం పనప్పా? పడుగూ పేకా సూడు. గిటారు అడ్డం పోతాది, ఆర్మోనియం నిలువు నిలబడుతాది. యాడన్నా దారం తెగిందేమో సెప్పు సూద్దాం!" ఎలక్ట్రిక్ ఆర్గన్‌ని ఆయన ఇప్పటికీ హార్మోనియం అనే అంటాడు, వాయించేవాణ్ణి హార్మోనియం సామి అంటాడు. కానీ ఆ పాటలో మామకు అన్నిటికంటే ఇష్టమైంది అది ఆగిపోయే చోటు. క్యాసెట్టు ఒకవైపు మొత్తం ఒకటే పాట. వాయిద్యాలన్నీ ఒక్కొక్కటే తప్పుకుంటాయి, ఆర్గన్ ఒక్కటే సన్నగా ఒక స్వరం పట్టుకుని నిలబడుతుంది, అంతలో టక్కున ఆగిపోతుంది. "అట్ల ఆపేకి ఎంత గుండె ఉండాల!" అని మామ మగ్గం ఆపి మరీ తల ఊపేవాడు. వీధిలో వాళ్ళని పిలిచి ఆ ఆగిపోవడాన్ని వినిపించేవాడు. వాళ్ళు విని, కరెంటు పోయిందా అని అడిగి వెళ్ళిపోయేవాళ్ళు.

బెంగుళూరు పోయిన మొదటి నెలలోనే నాకు అసలు సంగతి తెలిసింది. పాట అక్కడ ఆగదు. ఇంకో ఆరు నిమిషాలుంది. టేపుల భాయ్ పెట్టిన క్యాసెట్టు పొట్టిది, ఆ వైపు టేపు అక్కడికి అయిపోయింది, అంతే. మామ ఇన్నేళ్ళు తల ఊపింది పాటకు కాదు, టేపు చివరికి. నేను ఆ రోజే ఫోన్ చేసి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఎప్పుడో ఒకరోజు ఆయనకు పూర్తిగా వినిపించి ఆశ్చర్యపరుద్దాం అనుకున్నాను. ఆ తెలివికి ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ పాట గురించి నాకు చెప్పింది ఆఫీసులోని అభిమానుల సంఘం. నలుగురైదుగురు, అందరికీ నల్ల టీషర్టులు, వాళ్ళ నాయకుడు మాత్రం ఎండలోనూ నీడలోనూ టోపీ తీయడు కాబట్టి మనం టోపీ అనుకుందాం. హైదరాబాదువాడే, తెలుగువాడే. "ఆదోనిలో కూడా ఈ మ్యూజిక్ వింటారా? అక్కడ పత్తే కదా ఉంటుంది?" అన్నాడు మొదటిరోజు. పత్తి ఉంటే చెవులు ఉండవా అని అడగాల్సింది. నేను నవ్వాను. (ఆ నవ్వు మీద ఉన్న కోపం వేరే లెక్క.) ఆ బ్యాండు ముసలాళ్ళు ఆఖరిసారిగా దేశాలు తిరుగుతూ బెంగుళూరు వస్తున్నారని తెలిసినప్పుడు టోపీ మాకందరికీ నియమాలు పంపాడు. పాట మధ్యలో మాట్లాడకూడదు. చప్పట్లు కొట్టకూడదు. వాళ్ళతో కలిసి పాడకూడదు. లేచి నిలబడకూడదు. పాట వినడానికి పోతున్నామా, పరీక్ష రాయడానికా అనిపించింది. అయినా తల ఊపాను. తల ఊపడం మా వంశంలోనే ఉంది.

మామకు చెప్పగానే వచ్చేశాడు. తెల్ల పంచె, తను నేసిన చొక్కా, భుజాన తువ్వాలు. సంఘం సీట్లు ముందే అయిపోయాయి కాబట్టి మామకు మా వెనక వరసలో దొరికింది. నిజం చెప్పాలంటే పక్కన కాక వెనక దొరికినందుకు నాకు కొంచెం హాయిగానే అనిపించింది. హాలు గుమ్మం దగ్గర "నీ సీటు ఆడ మామా, నేను ముందర కూర్చుంటా, అయినాక బయట కలుద్దాం" అని చెప్పి, సంఘం వాళ్ళు చూడకముందే జారుకున్నాను. పంచె కనపడితే టోపీ ఏమంటాడో అని. మామ ఏమీ అనుకోలేదు. "పోప్పా, పో, నీ దోస్తులు సూస్తాండారు" అన్నాడు.

సాయంత్రం నాలుగున్నరకు మొదలుపెట్టారు. ముసలాళ్ళు నిజంగా ముసలాళ్ళే. గిటారాయన కుర్చీలో కూర్చునే వాయించాడు. పాడే ఆయనకు పై స్థాయి అందక, ఆ చోట్లలో మైకు జనం వైపు తిప్పేవాడు. పాడకూడదని నియమం ఉంది కాబట్టి మా వరస నోళ్ళు బిగించుకు కూర్చుంది. పాపం ఆ పెద్దాయన మా వైపు ఎంతసేపు మైకు పట్టుకున్నాడో! ఇక ముందు వరసల్లో వాళ్ళు ఫోన్లు పైకెత్తి పట్టుకుంటే నాకు ఆర్గన్ వాయించే మనిషి చిన్న చిన్న తెరల మీద పదిమందిగా కనిపించాడు తప్ప అసలు మనిషి కనపడలేదు. ఇంత దూరం వచ్చి, ఆ ఫోన్లలో చూసి పోవాలా? ఒక్కొక్కడి చెయ్యి పట్టుకుని కిందికి లాగాలనిపించింది. అదీ చేయలేదు.

చివరి పాట అదే. మామ పాట. మొదటి స్వరానికే వెనక నుంచి "ఆహా" అని చిన్నగా వినపడింది. నేను వెనక్కి తిరగలేదు. తాళం మారింది, గిటారు అడ్డంగా పోయింది, ఆర్గన్ నిలువుగా నిలబడింది. (చూశారా, నాకూ అలాగే వినపడుతుంది, ఆయన పెంపకమే.) వాయిద్యాలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. హాలంతా నిశ్శబ్దం. ఆర్గన్ ఒక్కటే సన్నగా మిగిలింది. టోపీ కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, మామకు ఈ పాట ఇక్కడితో సరి అని. తిరిగి చూసేలోపే అయిపోయింది.

"వన్స్‌మోర్!"

ఇది మీకు అర్థం కావాలంటే మా వైపు నాటకాలు చూసి ఉండాలి. పద్యం చివర రాగం తీసి నటుడు ఆపగానే జనంలోంచి వన్స్‌మోర్ పడాలి. పడకపోతే అది నటుడికి అవమానం. పడితే ఆయన యుద్ధం మధ్యలో ఉన్నా, చావబోతున్నా, ఆగి ఆ పద్యం మళ్ళీ పాడతాడు. నందవరం నుంచి పెద్దకడుబూరు దాకా ఏ ఊళ్ళో నాటకమైనా వన్స్‌మోర్ అంటే మా మామదే. మైకు అక్కర్లేని గొంతు. ఆ గొంతుతో, ఆ హాల్లో, ఆ నిశ్శబ్దంలో, లేచి నిలబడి, తువ్వాలు తీసి తలపైన తిప్పుతూ, "వన్స్‌మోర్! ఆర్మోనియం సామీ! ఇంగోసారి!"

హాలు మొత్తం తిరిగింది. ఫోన్లు కూడా తిరిగాయి. ష్, ష్ అని అన్ని వైపుల నుంచీ పాములు బుస కొట్టినట్టు. ఆర్గన్ వాయించే ముసలాయన ఒక్కడే తలెత్తి, ఆ తువ్వాలు చూసి నవ్వాడు. వేలు మాత్రం స్వరం మీది నుంచి తీయలేదు. హాలు మనిషొకడు టార్చి వేసుకుంటూ వచ్చాడు. టోపీ నా చెవి దగ్గరికి వంగి, "ఈయన మీవాళ్ళా?" అన్నాడు.

"కాదు. ఎవరో," అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ఆలోచించుకోవడానికి కూడా ఆగలేదు. మామ నా వెనకే ఉన్నాడు, మధ్యలో ఒక్క వరస కూడా లేదు. హాలు మనిషి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. మామ గొడవ చేయలేదు, తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరాడు. సరిగ్గా తలుపు దగ్గరికి పోయేసరికి ఆర్గన్ కింద గిటారు లేచింది. పాట ముందుకు సాగింది. మామ ఆగిపోయాడు. తలుపు చెక్క పట్టుకుని, వీపు మాకు చూపించి, అలాగే నిలబడ్డాడు. హాలు మనిషి ఎందుకో టార్చి ఆపేసి, ఆయన పక్కనే తనూ నిలబడిపోయాడు. జీతానికి పనిచేసే ఆ తెలియని మనిషి మా మామ పక్కన నిలబడ్డాడు. నేను ఆరు నిమిషాలూ కుర్చీలో కూర్చున్నాను. లేవకూడదని నియమం ఉంది కదా! టోపీ మీద కోపం అంటున్నాను కానీ, నియమం టోపీదే, కూర్చున్నది మాత్రం నేను. (ఆర్గనాయన తమ వరసను చూసి నవ్వాడని టోపీ ఇప్పటికీ చెప్పుకుంటాడట. చెప్పుకోనివ్వండి.)

బయటికొస్తే మామ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మొహం ఎర్రగా ఉంది. నేను నోరు తెరిచేలోపే అందుకున్నాడు. "వాని నోట్లో మన్ను బడ! ఇంగా అంత పాట ఉంటే సగానికి కోసినాడు సూడు ఆ భాయ్! ఇన్నేండ్లు నాకు అట్లాంటి మొండిబట్ట ఇచ్చి, ఇదే సీరని సెప్పినాడు గదప్పా!" మర్నాడు పొద్దున, సెలవు పెట్టి నేనూ ఆయనతో ఊరి బస్సెక్కినా అదే. ఊళ్ళు దాటుతున్నాయి, టేపుల భాయ్‌ని తిడుతూనే ఉన్నాడు. వాని అంగడి తిట్టాడు, వాని త్రాసులాంటి మీసాలు తిట్టాడు, వాడికి అంగడి అద్దెకిచ్చినవాణ్ణి తిట్టాడు. బళ్ళారిలో టీ తాగడానికి దిగి, గ్లాసు పట్టుకుని మరీ తిట్టాడు. నా గురించి ఒక్క మాట లేదు. వినలేదేమో, ఆ మాట వినపడి ఉండదు అని నాకు నేను చెప్పుకుంటూ, ప్రతి తిట్టుకూ "అవు మామా" అంటూ వచ్చాను.

ఆలూరు దాటాక ఉండబట్టలేక చెప్పేశాను. "మామా, పాట ఇంకా ఉందని నాకు ముందే తెల్సు. నీకు సెప్పలా."

మామ కిటికీలోంచి చూస్తూ, "అట్లనా," అన్నాడు. తువ్వాలు దులిపి మడత పెట్టుకుంటూ మళ్ళీ అందుకున్నాడు. "పాపం ఆ భాయ్ సచ్చి శానా ఏండ్లాయె. మంచోడు. వాన్ని ఎందుకు తిడతా వచ్చినానో తెల్సునా? నిన్ను తిట్టకుండా ఉండేకి."

విన్నాడు. హాల్లో నేను "ఎవరో" అన్నది అక్షరం పోకుండా విన్నాడు. ఆదోని బస్టాండులో దిగాం. మా ఇల్లు అక్కడికి పది నిమిషాలు. నేను ఇంటికి, ఆయన ఎమ్మిగనూరు బస్సుకు. తప్పించుకుపోదామనే చూశాను, దాచడం ఎందుకు. ఎమ్మిగనూరు బస్సు ఇంకా ఆగీ ఆగకముందే జనం ఎగబడ్డారు. మామ అలవాటు ప్రకారం బయటి నుంచే కిటికీలోంచి తువ్వాలు లోపలికి విసిరి, తోసుకుంటూ ఎక్కి కూర్చున్నాడు. సంతసంచి పట్టుకున్న ఒకామె పక్కన ఖాళీ చూసి, "ఈడ ఎవురన్నా వస్తారా అన్నా?" అని అడగడం కింద నిలబడ్డ నాకు వినపడింది.

"వస్తాడమ్మా," అన్నాడు మామ, సీటు మీద చెయ్యి పెట్టి. "మావాడు ఉండాడు కింద."

ఎక్కాను. టికెట్ల డబ్బుల కోసం జేబులు తడుముకున్నాను. బస్సు ఊరు దాటి పత్తి చేల మధ్యకు రాగానే మామకు నిద్ర పట్టేసింది, తల వాలి నా భుజం మీద ఆనింది. గతుకుల రోడ్డు. ఎమ్మిగనూరు దాకా అప్పటి నేననే ఆ కుర్ర వెధవ భుజం కదలకుండా, ఊపిరి కూడా గట్టిగా తీయకుండా, తిమ్మిరెక్కుతున్నా అలాగే బిగుసుకుని కూర్చున్నాడు. వాణ్ణి తిట్టడం నేనింకా మానలేదు. కానీ వాడు అలా కూర్చున్న తీరు గుర్తొస్తే మాత్రం, తిడుతూ తిడుతూనే, నాకు నవ్వొచ్చేస్తుంది.